బండికి కళ్లు వచ్చిన కథ



సూళ్లూరుపేట నుంచి గానీ, నగరి, పుత్తూరు వైపు నుంచి గానీ లారీలో చెన్నై దారి పట్టిన వాళ్లకు ఒక మనిషి బాగా గుర్తుంటాడు. ఎడమ పక్క తలుపు దగ్గర కూర్చుని, సగం ఒళ్లు బయట పెట్టి, అరచేత్తో రేకు మీద కొడుతూ ఉండేవాడు. ఆగమన్నా, పొమ్మన్నా ఆ చప్పుడే. బండి వెనక్కి తీయాల్సి వస్తే కిందికి దూకి, వెనక నిలబడి, "రానీ... రానీ... ఇంకా రానీ... ఆపన్నా!" అని కేక పెట్టేవాడు. పేరు ఏదైనా లోకం అతన్ని పిలిచింది క్లీనరు అనే. నిజానికి బండి కడగడం అతని పనుల్లో ఒకటి మాత్రమే. అసలు పని చూడటం. డ్రైవరు కంటికి అందని చోటు చూడటం, అర్ధరాత్రి డ్రైవరు రెప్ప వాలితే భుజం తట్టి లేపటం.

ఈనాడు చెన్నై చుట్టుపక్కల తయారయ్యే ఖరీదైన పెద్ద కార్లను, ఎస్.యు.వి.లని మనం పిలుచుకునే ఎత్తు కార్లను, దగ్గరగా చూడండి. ముందు అద్దం వెనక ఒక కెమెరా ఉంటుంది. బంపరు లోపల రాడారు ఉంటుంది. చుట్టూ చొక్కా గుండీల్లాంటి చిన్న చిన్న సెన్సార్లు ఉంటాయి. ఇవన్నీ కలిసి చేసే పని ఆ క్లీనరు పనే. ఈ చూపు బండిలోకి ఎలా వచ్చింది, దాని మీద మనం ఎంతవరకు భారం వేయవచ్చు అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

కథ మొదట్లో కూడా ఒక మనిషే ఉన్నాడు. 1865లో ఇంగ్లండులో ఒక చట్టం చేశారు. యంత్రంతో నడిచే బండి రోడ్డెక్కితే, దానికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఎదురొచ్చే వాళ్లనూ గుర్రాలనూ హెచ్చరించాలి. డ్రైవరుకు సాయం అనే మాటకు అదే తొలి రూపం అనుకోవచ్చు. 1896లో ఆ ఆంక్షలు తొలగిపోయాయి. బండికి వేగం వచ్చింది, ముందు నడిచే మనిషి పోయాడు. ఆ ఖాళీని యంత్రంతో పూరించడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

చెన్నైకి ఈ చరిత్రలో పాత చోటే ఉంది. గుర్రపు బళ్లు చేసే సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరితో నడిచే కారును తయారు చేశాడు. మన దేశంలో అదే మొదటిదని చెబుతారు. ఆ రోజుల్లోనే ఇక్కడ సొంత కారు కొన్న తొలి భారతీయుడిగా తాటికొండ నంబెరుమాళ్ శెట్టి గారి పేరు వినిపిస్తుంది. ఆయన తెలుగు కుటుంబానికి చెందినవాడు. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఎర్రరాతి విక్టోరియా మెమోరియల్ హాలు కట్టించిన పేరున్న కంట్రాక్టరు. ఆనాటి కార్లలో డ్రైవరుకు తోడుగా ఉన్నది రబ్బరు బుడ్డి హారను, ఒక మోటు బ్రేకు, ఆపైన దేవుడు.

తరువాత 1960 దశకం మొదట్లో చెన్నై పాడి ప్రాంతంలో వీల్స్ ఇండియా, బ్రేక్స్ ఇండియా, సుందరం క్లేటన్ కంపెనీలు వరసగా వెలిశాయి. చక్రం ఒకరిది, కార్ల బ్రేకు ఒకరిది, లారీల గాలి బ్రేకు ఒకరిది. అంటే ఈ ఊరు కార్లను ఆపే విద్య కూడా నేర్చుకుంది. ఇది చిన్న విషయం కాదు. పరిగెత్తించడం కంటే ఆపడమే కష్టమని ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ తెలుసు.

ఇక భద్రతా సాధనాల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నిటికంటే పాతది, అన్నిటికంటే చౌకైనది సీటు బెల్టు. భుజం మీదుగా, నడుం చుట్టూ మూడు చోట్ల పట్టి ఉంచే ఇప్పటి బెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ కంపెనీ దాని పేటెంటును తన పెట్టెలో దాచుకోకుండా అందరూ వాడుకోవడానికి వదిలేసింది. మన దేశంలో ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి అయ్యింది 1994లో. బెల్టు ఎందుకని అడిగే వాళ్లకు ఒక లెక్క చెబుతాను. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగంతో పోయే కారు హఠాత్తుగా ఆగితే, లోపలి మనిషి ఒళ్లు మాత్రం అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ దెబ్బ సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఆరేడు అంతస్తుల మేడ మీద నుంచి కింద పడిన దెబ్బతో సమానం. మేడ అంచున పిట్టగోడ కావాలంటాం. కారులో ఆ పిట్టగోడ బెల్టు.

రెండోది బ్రేకు పట్టేయకుండా చూసే ఏర్పాటు. ఏ.బి.ఎస్. అంటారు. భయంతో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని, తిరగకుండా జారతాయి. జారే చక్రం స్టీరింగు మాట వినదు. ఈ ఏర్పాటు సెకనులో ఎన్నోసార్లు బ్రేకును వదిలి, పట్టి, మళ్లీ వదులుతుంది. చక్రం తిరుగుతూనే వేగం తగ్గుతుంది, డ్రైవరు బండిని పక్కకు తిప్పుకోగలుగుతాడు. 1978లో జర్మనీలో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్.ను మెర్సిడెస్ పెద్ద కారులో అమర్చింది. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ అది తప్పనిసరి అయ్యింది 2019లో. సంపన్నుల కారు నుంచి సామాన్యుడి కారుకు చేరడానికి నలభై ఒక్క ఏళ్లు పట్టిందన్న మాట.

మూడోది ఎత్తు కార్లకే ప్రత్యేకమైన చిక్కు. వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఎలా ఒరుగుతుందో మనకు తెలుసు. గరిమనాభి పైకి పోయిన కొద్దీ బోల్తా పడే గుణం పెరుగుతుంది. 1990లలో ఎస్.యు.వి.ల మోజు పెరిగినప్పుడు ఈ చిక్కు కూడా పెరిగింది. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు ఊడి, బళ్లు బోల్తా పడిన ఉదంతం పెద్ద అలజడి రేపింది. 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. దీనికి మందు అప్పటికే పుట్టి ఉంది. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి తెచ్చిన స్థిరత్వ నియంత్రణ అది. డ్రైవరు తిప్పింది ఒక వైపు, బండి పోతున్నది మరో వైపు అని కంప్యూటరుకు తెలియగానే, నాలుగు చక్రాల్లో అవసరమైన దానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. 2002లో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ 90 అనే ఖరీదైన ఎస్.యు.వి.లో బండి ఒరుగుతున్న వేగాన్ని కూడా పసిగట్టే సాధనం చేర్చారు.

ఇంతవరకు చెప్పినవన్నీ బండి ఒంటికి సంబంధించినవి. ఇక కళ్ల సంగతి.

శ్రీహరికోటలో పైకెగిరిన రాకెట్టు వెంట రాడారు ఎలా పోతుందో మా శ్రోతల్లో చాలామందికి తెలుసు. రేడియో తరంగాన్ని పంపడం, తగిలి తిరిగి వచ్చిన దానిని బట్టి దూరం, వేగం లెక్కకట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల జాడ తీసిన ఆ విద్యే 1999లో మెర్సిడెస్ కారు ముక్కులో చేరింది. ముందు బండి నెమ్మదిస్తే మన బండీ తనంతట తాను నెమ్మదిస్తుంది, అది కదిలితే ఇదీ అందుకుంటుంది. 2008లో వోల్వో ఎక్స్‌సీ 60 అనే ఎస్.యు.వి.లో మరో అడుగు పడింది. నగరపు నెమ్మది వేగాల్లో ముందు బండిని గుద్దబోతున్నా డ్రైవరు కదలకపోతే, బండే బ్రేకు వేసుకుంటుంది. 2010 నాటికి నడిచిపోయే మనిషిని గుర్తుపట్టి బ్రేకు వేయడం కూడా ఆ కంపెనీ కార్లు నేర్చుకున్నాయి. కారులో కూర్చున్న వాళ్ల కోసం పుట్టిన విద్య, కారు బయట ఉన్న మనిషిని కూడా లెక్కలోకి తీసుకుంది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే.

ఈ విద్య చెన్నైకి త్వరగానే వచ్చింది. 1990లలో మరైమలై నగర్‌లో ఫోర్డ్, శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్, తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్సు వారి మిత్సుబిషి కార్లు మొదలయ్యాయి. 2007లో సింగపెరుమాళ్ కోవిల్ దగ్గర బి.ఎం.డబ్ల్యు. కర్మాగారం తెరిచారు. ఆ కంపెనీ ఖరీదైన ఎస్.యు.వి.లు అక్కడే కూర్చబడుతున్నాయి. 2012లో చెంగల్పట్టు దగ్గర మహీంద్రా పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అక్కడ రూపుదిద్దుకున్న ఎక్స్‌యువి 700 కారు 2021లో విడుదలైనప్పుడు, దాని పై రకాల్లో రాడారు, కెమెరా, తనంతట తాను పడే బ్రేకు ఉన్నాయి. కోటి రూపాయల కారులోని కళ్లు పాతిక లక్షల లోపు కారుకు దిగాయి. ఒరగడంలో కార్లను గోడకు గుద్దించి పరీక్షించే ప్రభుత్వ కేంద్రం ఉంది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన కార్లకు మన దేశంలోనే నక్షత్రాల మార్కులు వేస్తున్నారు. సరిహద్దు మండలాల నుంచి ఎంతోమంది మన పిల్లలు ఈ కర్మాగారాలకు పోతున్నారు. రేపు ఒక ప్రాణం నిలబెట్టే బోల్టును ఈ పూట బిగిస్తున్న చెయ్యి మీ ఇంటి పిల్లవాడిదే కావచ్చు.

అయితే ఇక్కడ కాస్త ఆగాలి. కళ్లు వచ్చాయి గదా, ఇక మనం మూసుకోవచ్చా?

కెమెరా రోడ్డు మీది తెల్లగీత చూసి దారి పోల్చుకుంటుంది. గీత చెరిగిపోయిన చోట అది గుడ్డిదే. వానలో, దుమ్ములో, అద్దానికి బురద అంటినప్పుడు దాని చూపు మందగిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. కదిలే బండిని రాడారు తేలిగ్గా పోల్చుకుంటుంది. రోడ్డు మీద ఆగి ఉన్న వస్తువుతోనే దానికి పేచీ. వంతెన, బోర్డు, ఇనుప కంచె కూడా ఆగి ఉన్నవే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి ముందుకు సాగదు. అందుకే మంచి వేగంలో, ఆగి ఉన్న వాహనం విషయంలో యంత్రాన్ని నమ్మవద్దని తయారీదారులే తమ పుస్తకాల్లో హెచ్చరిస్తారు. మన రహదారి మీద రాత్రిపూట యముడు ఏ రూపంలో ఉంటాడు? దీపం లేకుండా పక్కన ఆపిన లారీ రూపంలో. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్ల రూపంలో. నల్లగేదె రూపంలో. యంత్రం ఎక్కడ బలహీనమో మన రోడ్డు అక్కడే కఠినం. ఈ మాట మరిచిపోకండి.

మరో సంగతి. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు తానే కారు నడుపుతూ కావలిలో పెళ్లికి బయలుదేరారు. నల్గొండ జిల్లాలో ప్రమాదం జరిగి కన్నుమూశారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పటి వార్తల్లో వచ్చింది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్నది ఎన్నో భద్రతా ఏర్పాట్లున్న ఖరీదైన ఎస్.యు.వి. ముందు సీట్లలో బెల్టు పెట్టుకున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక సీట్లో బెల్టు లేని ఇద్దరూ పోయారు. ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో బెల్టు పెట్టుకోని వాళ్లు 16,715 మంది. ద్విచక్ర వాహనాల మీద పోతూ చనిపోయిన వాళ్లు నూటికి 44 మందికి పైగా, నడిచిపోతూ చనిపోయిన వాళ్లు నూటికి 19 మందికి పైగా ఉన్నారు. ఏ కారులోనూ లేని వాళ్లే ఎక్కువమంది అన్న మాట.

కాబట్టి పెద్ద కారు కొన్నవారికీ, దాన్ని జీతానికి నడిపేవారికీ నాలుగు మాటలు. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. బెల్టు లేని మనిషికి ఎయిర్‌బ్యాగు కూడా దెబ్బే అవుతుంది. వారానికి ఒకసారయినా కెమెరా అద్దం, బంపరు శుభ్రంగా తుడవండి. పగలంతా తిప్పి రాత్రికి తిరుపతి పోదామని డ్రైవరుతో అనేముందు, అతను నిద్రపోయి ఎంతసేపయిందో అడగండి. కొన్ని కార్లలో డ్రైవరు అలసిపోతే ఎదుట కాఫీ కప్పు బొమ్మ వెలుగుతుంది. ఆ బొమ్మ కనిపిస్తే తడ దగ్గరో, నాయుడుపేట దగ్గరో నిజంగానే ఆగి, నిజమైన కాఫీ తాగండి. లారీ ఆపుకునే అన్నలకు ఒక్క మాట. మీ వెనక దీపం వెలుగుతూ ఉంటే, ఏ రాడారూ చేయలేని పని అది చేస్తుంది.

మనం మొదట చెప్పుకున్న క్లీనరు దగ్గరికే మళ్లీ వద్దాం. అతను డ్రైవరు పక్కన ఉన్నది డ్రైవరు నిద్రపోవడానికి కాదు, నిద్రపోకుండా చూడటానికి. యంత్రం కూడా అంతే. అది మన కంటికి తోడు. మన కంటికి బదులు కాదు.