పదహారింటిలో ఒకటి

వరికోతలు ముగిశాక గింజ మన గాదెకు చేరుతుంది, గడ్డి పశువుల కొట్టానికి పోతుంది. తరతరాలుగా సాగుతున్న ఈ పంపకంలో ఒక విడ్డూరం దాగి ఉంది. గింజలోని పిండిపదార్థానికీ, గడ్డిలోని సెల్యులోజుకీ మూలం ఒక్కటే, గ్లూకోజు. రెండూ ఒకే రకం పూసలతో గుచ్చిన దండలు. పూసకూ పూసకూ మధ్య వేసిన ముడిలోనే తేడా. ఆ తేడా వల్లనే ఒకటి మనకు అన్నమైంది, రెండవది అరగని పీచైంది. ఆవుకైనా గడ్డి అరిగేది దాని పొట్టలోని సూక్ష్మజీవుల పుణ్యమే.

ముడి సంగతి తెలియాలంటే ముందు పూస ఆకృతి తెలియాలి. దానిని తేల్చినవాడు జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్.

గ్లూకోజు అణువులో 6 కర్బన, 12 ఉదజని, 6 ఆమ్లజని పరమాణువులు ఉన్నాయని ఆయనకు ముందే తెలుసు. అవి ఏ వరుసలో ఉన్నాయన్నది కూడా చాలావరకు తేలింది. చిక్కంతా ఏది ఏ పక్కకు తిరిగి ఉన్నదన్న దానిలోనే. కర్బనపు నాలుగు బంధాలు నాలుగు దిక్కులకు చాచి ఉంటాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ లెక్కన గ్లూకోజు వంటి గొలుసుకు 16 అమరికలు సాధ్యం. వాటిలో గ్లూకోజు ఏది? అణువును చూపగల పరికరమేదీ అప్పటికి లేదు.

చక్కెరలు పాకంలా సాగుతాయే గాని ఒక పట్టాన స్ఫటికాలు కట్టవు. ఫిషర్ 1875లో తాను కనుగొన్న ఫినైల్ హైడ్రజీన్‌ను 1884 నుండి వాటిపై ప్రయోగించాడు. పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. గ్లూకోజు, మానోజు, ఫ్రక్టోజు మూడూ ఒకే స్ఫటికాన్ని ఇచ్చాయి. అంటే, వాటి భేదమంతా గొలుసు మొదటి రెండు కర్బనాల దగ్గరే ఉంది, మిగిలినదంతా సమానం. ఇటువంటి ఆధారాలను ఒక్కొక్కటిగా పేర్చి, 1891 నాటికి ఆయన గ్లూకోజు అమరికను తేల్చాడు.

తరువాత ముడి వంతు వచ్చింది. ఒక రకం ముడిని విప్పే ఎంజైము రెండవ రకాన్ని ముట్టుకోదని గమనించి, 1894లో తాళమూ తాళంచెవీ అనే ఉపమానం చెప్పాడు. మన నోటిలోని ఎంజైము పిండి ముడిని విప్పగలదు, సెల్యులోజు ముడిని విప్పలేదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మూల్యం మాత్రం తక్కువ కాదు. ఆ ఫినైల్ హైడ్రజీనే ఆయన చర్మాన్నీ, జీర్ణకోశాన్నీ దీర్ఘకాలం పీడించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ముగ్గురు కొడుకులలో ఇద్దరు పోయారు. 1919లో ఆయనా కన్నుమూశాడు.

ఒక శేషప్రశ్న మిగిలింది. గ్లూకోజునూ, అద్దంలోని దాని ప్రతిబింబాన్నీ వేరుచేసి చెప్పే ప్రయోగం ఆనాడు లేదు. అందుచేత ఫిషర్ రెండింటిలో ఒకదానిని ఊహగానే ఎంచుకున్నాడు. ఆ ఊహ మీదనే అరవై ఏళ్లు చక్కెరల శాస్త్రమంతా నడిచింది. 1951లో హాలెండులో బైఫుట్ బృందం ఒక టార్టరిక్ ఆమ్ల లవణాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించి ఫిషర్ ఎంపిక సరైనదేనని నిరూపించింది.

ఆ కబురు వినడానికి తండ్రి లేడు. మిగిలిన కొడుకు హెర్మన్ ఉన్నాడు. ఆయనా చక్కెరల రసాయనాన్నే చేపట్టినవాడు.