మోటారుబండి చుక్కాని

గ్రామపెద్దలకు మోటారుబండి మరమ్మతును గూర్చి చెప్పబూనుట వింతగా తోపవచ్చును. కాని ఎద్దుబండి మర్మము నెఱిగినవారికే ఈ కథ సుబోధము. మన రెండు చక్రముల బండి మలుపు తిరుగవలెనన్న ఎద్దులు తిరిగిన చాలును. నొగలు వానివెంట పోవును, ఇరుసు నొగలవెంట పోవును. నాలుగు చక్రముల బండికి ఆ సౌలభ్యము లేదు. ముందరి ఇరుసంతయు నడుమనున్న ఒక్క శీలమీద తిరిగినచో, ఇరుకు మలుపున బండి ఒరిగి బోల్తాపడు భయము కలదు.

మ్యూనిచ్ నగరమున బగ్గీలు చేయు లాంకెన్‌స్పెర్గరు అనునతడు ఇరుసును కదలింపక, దాని రెండు కొనలయందును చక్రములు వేర్వేరుగా మరలునట్లు యుక్తి పన్నెను. అతని పక్షమున ఆకర్‌మన్ అనునతడు 1818లో లండనునందు పేటెంటు పుచ్చుకొనెను. నేటికిని ఆ పద్ధతికి ఆకర్‌మన్ పేరే నిలిచియున్నది. కల్పించినవానికంటె కాగితము గలవానికే కీర్తి దక్కుట లోకరీతి కాబోలు! 1886లో కార్ల్ బెంజి తన తొలి మోటారుబండిని మూడు చక్రములతోనే చేసెను. నాలుగు చక్రముల బండిని త్రిప్పు ఉపాయము అప్పటి కతనికి తృప్తిగా కుదరలేదు. 1893లో గాని అతడు దానిని సాధింపలేదు. ఆ కాలపు బండ్లను పెక్కింటిని పడవ చుక్కానివలె కఱ్ఱతో త్రిప్పెడివారు. 1894లో పారిసునుండి రువాను నగరమునకు జరిగిన పందెమున వాషెరాన్ అనునతడు తన పానార్ బండికి చేతిచక్రము నమర్చెను.

అమెరికాదేశమున ఫోర్డు కర్మాగారమువారు 1908 మొదలు 1927 వఱకు ‘మాడల్ టీ’ అను బండ్లను కోటిన్నరకు పైగా చేసిరి. వానిని ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని కలరు. దాని చేతిచక్రమును నిలిపిన తీరు చూడుడు. కడ్డీ కొన సన్నగిలియుండును. చక్రపు నడిమి రంధ్రమును అట్లే ఏటవాలుగా తొలిచియుందురు. గొడ్డలి కన్నములో కామ బిగిసినట్లు పైనట్టును త్రిప్పినకొలదియు ఒకదానిలో నొకటి దిగి పట్టును. నడుపువాని చేతిలో చక్రము ఊడిరాకుండుటకే ఈ యేర్పాటు. ఆ గుణమే నూఱేండ్లకు మరమ్మతుచేయువానికి శత్రువగును. సందున నీరు చేరి ఇనుము త్రుప్పుపట్టును. ఆ త్రుప్పు తానుపుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక, లోపలినుండి మేకు కొట్టినట్లు బిగియును.

నేను వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను. సంధి ఎట్లు కలిసెనో తెలియనివాడు పదమును విడదీయలేడని బాలురకు చెప్పుచుండెడివాడను. ఇచ్చటను అంతే. నట్టును వదులుచేయవలెను గాని పూర్తిగా తీసివేయరాదు. తీసినచో కడ్డీ కొననున్న మరచుట్లు నలిగిపోవును, చక్రము హఠాత్తుగా ఊడి మొగమునకు తగులును. పలుచని నూనె పోసి ఒక రాత్రి నానవలెను. పిదప కర్మశాలలవారు పుల్లరు అనెడి లాగుడుమరను తగిలించి బిగువుపెట్టి, దాని నడిమి మరమీద ఒక్క దెబ్బ వేయుదురు. విడువకున్నచో మరల నూనె, మరల నిరీక్షణ.

వేడి పెట్టుటయు కలదు. మన కమ్మరి ఇనుపపట్టాను కాల్చి, వ్యాకోచింపజేసి, బండిచక్రమునకు తొడుగుట మీరెఱిగినదే. బయటిభాగమును కొంచెము కాచినచో ఆ న్యాయముననే వదులగును. కాని చుక్కాని భాగములను ఎఱ్ఱగా కాల్చరాదు. పదును పెట్టిన ఉక్కు ఆ వేడికి పదును కోల్పోవును. చూపునకు చక్కగానే యుండి, రేపు దారిలో వంగిన, విఱిగిన, బండిలోనివారి ప్రాణములకు దిక్కెవరు?

మాడల్ టీ తరువాత 1931 వఱకు వచ్చిన ‘మాడల్ ఏ’ బండిలో ఇరుసు కొనను చక్రము మరలుటకు నిలువుగా ఒక లావుపాటి శీల యుండును; దానిని కింగుపిన్ను అందురు. దానిని కదలనీయక ఇరుసులో అడ్డముగా మఱియొక చిన్నశీల దాగియుండును. మట్టియు జిడ్డును కప్పియుండుటచే అది కంటబడదు. ఒక పట్టణపు కర్మశాలలో ఒక పడుచువాడు ఆ అడ్డుశీలను తీయకయే సమ్మెటతో గంటసేపు బాదుట చూచితిని. పిన్ను తల పుట్టగొడుగువలె విచ్చుకొని మఱింత బిగిసెను. పెద్ద మేస్త్రి వచ్చి, మాటాడక, గుడ్డతో మట్టి తుడిచి, వ్రేలితో అడ్డుశీలను చూపెను. దానిని తట్టి తీసి, విచ్చిన తలను ఆకురాతితో అరగదీసి, ఇరుసు క్రింద బరువైన దిమ్మె యానించిన పిమ్మట మూడు దెబ్బలకు పిన్ను దిగెను.

అప్పటికిని రాకున్నచో ఏమి చేయుదువని అడిగితిని. పిన్నును తొలిచి పాడుచేసెదను గాని ఇరుసు జోలికి పోనని ఆయన యుత్తరము. ఆ మాట సమంజసము. పిన్నులు నేటికిని క్రొత్తవి చేయుచున్నారు, ఆనాటి ఇరుసు పగిలినచో దాని జోడు దొరకుట కష్టము. ఇరుసు చెవిని కిరసనాయిలుతో కడిగి, సుద్దపొడి అద్ది, జిడ్డు గీతలుగా ఊరునేమో యని అరగంట కనిపెట్టెను. బీట లేదు. అప్పుడు గాని క్రొత్త పిన్నును తెమ్మనలేదు.