విక్టోరియా కాలపు టాప్ హ్యాట్

టాప్ హ్యాట్ అంటే నిటారుగా లేచి, పైన చదునుగా, చుట్టూ సన్నని అంచుతో ఉండే మగవాళ్ల టోపీ. విక్టోరియా రాణి ఏలిన కాలంలో (1837–1901) ఇంగ్లండులో పెద్దమనిషి అనిపించుకునేవాడు పట్నంలో ఇల్లు కదిలితే నెత్తిన ఇది ఉండాల్సిందే.

అయితే ఇది 18వ శతాబ్దం చివరి దశాబ్దంలోనే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు మూడు మూలల టోపీలు, పౌడరు చల్లిన విగ్గులు, జరీ కోట్లు రాజ్యమేలాయి. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ ఆడంబరంపై మోజు తగ్గింది. 1795లో బ్రిటన్ జుట్టు పౌడరు మీద పన్ను వేయడంతో విగ్గుల కాలం దాదాపు చెల్లిపోయింది. గుర్రపు స్వారీకి వాడే పల్లెటూరి భూస్వాముల సాదా దుస్తులు పట్నానికీ ఎక్కాయి. రంగులూ జరీ పోయి నల్లకోటు మిగిలాక, హోదా చూపుకోవడానికి ఆకారం తప్ప ఇంకేమీ లేకపోయింది. టోపీ ఎత్తు పెరగడానికి ముఖ్య కారణం ఇదే అనుకోవాలి. 1797లో హెథరింగ్టన్ అనే వ్యాపారి దీన్ని పెట్టుకుని లండన్ వీధిలోకి వస్తే జనం హడలిపోయారని, అతనికి శిక్ష పడిందని చెప్పే కథకు నమ్మదగ్గ ఆధారం లేదు.

తొలి టోపీలను ఉత్తర అమెరికా నుంచి వచ్చే బీవర్ బొచ్చుతో చేసేవారు. బొచ్చు అతుక్కుని గట్టిపడేందుకు పాదరసపు ద్రావణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, మాట తడబడేది, మనసు నిలకడ తప్పేది. పెద్దమనుషుల దర్జాకు ఇంత ఖరీదు చెల్లించిన ఈ కార్మికులను ఫ్యాషన్ చరిత్రలు తరచూ ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం.

1830ల నుంచి బీవర్ స్థానంలోకి పట్టు వచ్చింది. రాణి భర్త ఆల్బర్ట్ పట్టు టోపీ ధరించడంతో దానికి మరింత గిరాకీ పెరిగింది. పలుచని గుడ్డకు లక్క పట్టించి, చెక్క అచ్చు మీద బిగించి గుల్ల తయారు చేసేవారు. ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచి వెళ్లినదే. గుల్ల మీద నూగు పట్టును వేడి ఇస్త్రీతో అంటించేవారు. పక్కనుండే కుట్టును ఏటవాలుగా కోసి, నూగుతో కప్పేసేవారు. దగ్గరగా చూసినా కనబడేది కాదు. పట్టు నిగనిగ నిలవాలంటే నూగు వాలిన వైపుకే బ్రష్ చేయాలి, వాన తగలనివ్వకూడదు.

ఇలాంటి టోపీతో మూట మోయలేం, వంగి పనిచేయలేం. ఒళ్లు వంచి బతకాల్సిన అవసరం లేనివాడినని చెప్పుకోవడానికి ఇది చక్కగా పనికొచ్చింది. కానీ ఆ ప్రత్యేకత నిలవలేదు. 1829లో ఏర్పడిన లండన్ పోలీసులు కూడా 1860ల దాకా టాప్ హ్యాటే పెట్టుకున్నారు. గుర్రపు బగ్గీలు తోలేవాళ్లూ పెట్టుకున్నారు. దాంతో పెద్దమనిషిని టోపీ మెరుపును బట్టి, మర్యాదను బట్టి గుర్తించాల్సి వచ్చింది. స్త్రీ ఎదురైతే టోపీ ఎత్తాలి. పగటిపూట ఎవరింటికైనా వెళ్తే దాన్ని చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లాలి. ఎక్కువసేపు కూర్చోనని దానర్థం. నాటకశాలల్లో ఇరుకు తప్పించడానికి స్ప్రింగులతో మడిచే టోపీకి పారిస్‌లో ఆంట్వాన్ జీబూ పేరు తెచ్చాడు.

వేటతోటల కాపలాదారుల తలకు కొమ్మలు తగిలి పొడవు టోపీలు ఊడిపోతుంటే, 1849లో వాళ్ల కోసం గుండ్రని బౌలర్ టోపీ తయారైంది. అదే క్రమంగా నగరంలో టాప్ హ్యాట్ చోటు ఆక్రమించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత టాప్ హ్యాట్ పెళ్లిళ్లకు, ఆస్కాట్ గుర్రప్పందేలకు పరిమితమైంది. బ్రిటిష్ కామన్స్ సభలో మాత్రం ఓటింగు జరుగుతుండగా అభ్యంతరం లేవనెత్తే సభ్యుడు టోపీ పెట్టుకుని, కూర్చునే మాట్లాడాలన్న నియమం ఉండేది. అందుకోసం సభలో మడత టోపీ సిద్ధంగా ఉంచేవారు. 1998లో ఆ నియమాన్ని తీసేశారు.