క్యాసెట్టు నుంచి కంపెనీ దాకా: దుబాయ్‌లో మా వీడియో పని

పోయినేడు వార్షికోత్సవం నాడు భోజనాల దగ్గర చాలామంది అడిగారు, "మీ ముగ్గురు వీడియో కంపెనీ ఎట్ల పెట్టిండ్రు? మొదలు ఏ కెమెరా కొన్నరు?" అని. కెమెరా సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఈ పని మాతో మొదలైంది కాదు. మాకంటే ముందు గల్ఫ్‌కు వచ్చిన పెద్దమనుషుల పెట్టెల్లో మొదలైంది. అందుకే కాస్త వెనక్కి పోయి రాస్తున్నాం.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, బిల్డింగులు లేచాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మనోళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్ ఇండ్లల్లో పనికి పోయారు. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. చదువు రానోళ్లు టేపురికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్టును ఊరికి పోయేవాడి చేతిలో పెట్టేవాళ్లు. జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో వీహెచ్‌ఎస్ తెచ్చింది. కొన్నేళ్లకే దుబాయ్ నుంచి ఊరికి పోయే సామాన్లలో టూ-ఇన్-వన్, బ్లాంకెట్లు, సెంటు సీసాలతో పాటు వీసీఆర్ కూడా చేరింది.

ఇటు మన టౌన్లలో ఫోటో స్టూడియోల వాళ్లు వీడియో కెమెరాలు కొన్నారు. భుజం మీద కెమెరా మోసేవాడు ఒకడు, వెనక హాలోజన్ లైటు పట్టుకుని వైరు లాక్కుంటూ నడిచే పిల్లగాడు ఒకడు. ఆనాటి పెండ్లి క్యాసెట్లు ఇప్పుడు చూసి పిల్లలు నవ్వుతారు. బంతిలో కూర్చుని తింటున్న వాళ్ల మీద కెమెరా ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎంతసేపు పోతుందో! ఒక్కొక్క మొఖం దగ్గర ఆగుతుంది. తీసేవాడికి పని రాక అట్లా తీశాడని అనుకుంటారు. అది నిజం కాదు. ఇంటి పెద్ద ముందే చెప్పి పెట్టేవాడు: "పెద్దోడు దుబాయ్‌ల ఉన్నడు, అందరి మొఖాలు కనబడాలె, ఎవల్ని ఇడ్వకు." ఆ క్యాసెట్టు పెండ్లికి రాలేనివాడి కోసం తీసింది. ఎవరు ముసలైపోయారు, ఎవరు చిక్కిపోయారు, ఏ పిల్లగాడు ఎంత ఎదిగాడు అనేది వాడు చూసుకోవాలి. మా లెక్కలో మన జిల్లాల్లో వీడియో పని అంత తొందరగా పాకడానికి సినిమా మోజు సగం కారణమైతే, ఇంట్లో లేని మనిషి మిగతా సగం.

క్యాసెట్టు ఇక్కడికి చేరాక ఇంకో తంటా. మన దేశం, దుబాయ్, కువైట్, మస్కట్ అన్నీ పాల్ పద్ధతి. సౌదీలో టీవీ సెకామ్ పద్ధతి. అక్కడ మామూలు సెట్టులో మన క్యాసెట్టు పెడితే పెండ్లికూతురు ఎర్రచీర నల్లగా కనబడేది. అందుకే గల్ఫ్ దుకాణాల్లో మల్టీ సిస్టమ్ డెక్కులకు అంత గిరాకీ. క్యాంపు గదిలో ఒకడి చెల్లె పెండ్లిని పన్నెండు మంది కలిసి చూసేవాళ్లు. అప్పగింతలు రాగానే పెట్టినవాడు లేచి బయటకు పోయేవాడు. మిగతావాళ్లు ఏమీ ఎరగనట్టు టీవీ చూస్తూ ఉండేవాళ్లు.

ఇక మా సంగతి. మా ముగ్గురిలో ఒకడు జగిత్యాల దగ్గర స్టూడియోలో ఆ లైటు పట్టిన పిల్లగాడే. మిక్సింగ్ కూడా నేర్చుకున్నాడు. హెల్పర్ వీసా మీద వచ్చి ఐరన్ కట్టే పనిలో పడ్డాడు. మిగతా ఇద్దరిలో ఒకడు డ్రైవర్, ఇంకొకడు ఆఫీసు బాయ్. 2009లో పాత మినీ డీవీ కెమెరా ఒకటి ముగ్గురం చిట్టీ పైసలతో కొన్నాం. శుక్రవారం సెలవు. క్యాంపుల్లో బతుకమ్మ, ఉగాది, అయ్యప్ప పూజ, ఊరికి పోయేవాళ్ల వీడ్కోలు తీసి డీవీడీలు రాసి ఇచ్చేవాళ్లం. కొందరు డబ్బులిచ్చేవాళ్లు, కొందరు బిర్యానీ పెట్టేవాళ్లు.

ఇక్కడ మా తప్పు దాచకుండా చెప్పాలి. కంపెనీ వీసా మీద ఉన్నవాడు అనుమతి లేకుండా బయట డబ్బులకు పనిచేయడం చట్టవిరుద్ధం. ఆ సంగతి తెలుసు, కానీ "అందరు చేస్తలేరా" అనుకున్నాం. ఒకనాడు రోడ్డు పక్కన స్టాండు వేసి తీస్తుంటే పట్టుకుని అడిగారు. పర్మిట్ లేదు, బత్తాకాలో ఉన్న పని వేరు. మూడు రోజులు కెమెరా మా చేతికి రాలేదు. ఆ మూడు రాత్రులూ మాకు నిద్ర లేదు. మాలో ఒకడి ఇంటి మీద వీసా అప్పు ఇంకా అట్లనే ఉంది. వాడిని పంపించేస్తే ఊళ్లో అప్పులోళ్లకు ఏం చెప్పాలి? మందలించి వదిలేశారు. ఆనాటి నుంచి పైసలకు తీయడం బంద్ చేశాం. లైటు పట్టినవాడు మాత్రం ఒక లైసెన్సు ఉన్న స్టూడియోలోకి వీసా మార్చుకుని ఎడిటర్‌గా చేరాడు. జీతం పెద్దగా పెరగలేదు గానీ పని పక్కాగా వచ్చింది.

అసలు కంపెనీ ఆలోచన 2020లో వచ్చింది. మార్చిలో భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి. ఆ మధ్య కాలంలో మన క్యాంపులో ఒక అన్న తల్లి పోయింది. కొడుకు ఒక్కడే. ఇక్కడ వాట్సాప్ కాల్ పోదు. రెండు నిమిషాలకొకసారి తెగిపోయే వేరే యాప్ మీద ఆయన ఏం చూస్తాడు? మా పాత స్టూడియో తమ్ముడికి ఫోన్ చేశాం. వాడు కెమెరా తీసుకుని ఊరికి పోయి యూట్యూబ్‌లో ఎవరికీ కనబడని లింకు మీద లైవ్ పెట్టాడు. మేము చెప్పింది ఒక్కటే: "నెమ్మదిగ తియ్యి, అందరి మొఖాలు కనబడాలె." గదిలో ఎనిమిది మందిమి. చితి దగ్గర పాలివాడు కొరివి పట్టుకున్నప్పుడు ఆ అన్న తన కుడిచేయి ఎత్తి అట్లనే ఉంచాడు. పైసలు తీసుకోలేదు, తీసుకునే పని కాదది. కానీ ఆ తర్వాత రెండు నెలల్లో అట్లాంటి ఫోన్లు ఇంకో నాలుగు వచ్చాయి. దొంగచాటుగా కాక, సరైన కాగితాల మీద ఈ పని చేయాలని అప్పుడు గట్టిగా అనుకున్నాం.

కాలం కూడా కలిసొచ్చింది. ఫ్రీజోన్ బయట ఎల్‌ఎల్‌సీ పెట్టాలంటే ఇదివరకు 51 శాతం వాటా ఇక్కడి పౌరుడి పేరున ఉండాలి. 2021 జూన్ 1 నుంచి చాలా వ్యాపారాలకు ఆ నిబంధన తీసేశారు. అదే ఏడాది చివర్లో లైసెన్సు తీసుకున్నాం. వీసాలు రద్దు చేసుకుని మా కంపెనీ మీదికి ఇద్దరం మారాం. డ్రైవర్ అన్న ఏడాది పాటు పాత ఉద్యోగంలోనే ఉండి గది కిరాయి కట్టాడు. ఆ జీతం లేకుంటే కంపెనీ ఆరు నెలల్లో మూతపడేది. కొత్తగా పెట్టాలనుకునే తమ్ముళ్లు కెమెరా కన్నా ముందు ఈ లెక్క చూసుకోండి. లైసెన్సు ఏటా రెన్యూవల్, ఆఫీసు కిరాయి, వీసా ఖర్చులు. గిరాకీ ఉన్నా లేకున్నా ఇవి ఆగవు. బయట తీయాలంటే షూటింగ్ పర్మిట్ వేరే.

మొదటి గిరాకీలు మన హోటళ్లు, కిరాణా దుకాణాలు, పిల్లల స్కూలు ఫంక్షన్లు. ఒక హోటల్ వాళ్లు వీడియోను పదకొండుసార్లు మార్పించి చివరకు సగం పైసలు ఎగ్గొట్టారు. అప్పటి నుంచి సగం అడ్వాన్సు, మూడే మార్పులు అని కాగితం మీద రాసుకుంటున్నాం. దానికన్నా పెద్ద దెబ్బ ఒక నామకరణం నాడు తగిలింది. పేరు బియ్యంలో రాసే ఘట్టమంతా ఉన్న మెమరీ కార్డు తెరుచుకోలేదు. డబ్బులు మొత్తం వాపసు ఇచ్చాం. ఆ తల్లి తిట్టలేదు. "మా అమ్మ ఊళ్లె ఎదురుచూస్తున్నది, ఆమెకు ఏం పంపాలె?" అన్నది. ఇప్పుడు రెండు కార్డుల కెమెరాయే వాడతాం, ఆ రాత్రే రెండు డిస్కులకు ఎక్కించి పడుకుంటాం.

ఊళ్లో ఉండి కూడా ఈ పని పెద్దగా చేయొచ్చని జగిత్యాల జిల్లా లంబాడిపల్లి వాళ్లు చూపించారు. 2012లో మొదలైన మై విలేజ్ షో అక్కడిదే. గంగవ్వ ఆ ఊరి పొలాల నుంచే ప్రపంచానికి తెలిసింది. గల్ఫ్‌కు రావాలా, ఊళ్లోనే కెమెరా పట్టాలా అని అడిగే పిల్లలకు మేము ముందు ఆ ఊరి పేరే చెబుతున్నాం.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది, క్యాంపులో రీల్స్ తీయనివాడు లేడు. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒప్పుకోని మనిషిని తీసి పెట్టడం ఇక్కడి సైబర్ చట్టం కింద నేరం. సరదా కోసమైనా సరే.

మా ఆఫీసు అరలో ఎవరెవరివో 43 పాత క్యాసెట్లు ఉన్నాయి. కొన్నింటికి ఫంగస్ పట్టింది. మీ దగ్గర కూడా ఉంటే ఫోరం సభ్యులకు ఉచితంగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాం. పనిచేసే డెక్కు ఒక్కటే ఉంది, మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది. అందుకని ఆదివారం పొద్దున వచ్చి పేరు రాయించుకోండి. క్యాసెట్టు మీద ఊరి పేరు, ఎవరి పెండ్లో కూడా రాయండి.