పదబంధ ప్రహేళిక తెచ్చిన కొలువు

1942 జనవరిలో లండను నగరమున డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక కార్యాలయములో ఒక వింత పందెము జరిగినది. ఆ పత్రికలోని పదబంధ ప్రహేళికలు మరీ సులువని పాఠకులు కొందరు వ్రాయగా, 12 నిమిషములలో పూరించి చూపుడని ఒక పెద్దమనిషి సవాలు చేసి, ధర్మనిధికి 100 పౌనులు ఒడ్డెను. గడువులోపల ముగించినవారు ఐదుగురే. వారిలోను అందరికంటె ముందు ముగించినవాడు ఒక మాటను తప్పుగా వ్రాసి అనర్హుడయ్యెను. ఒక్క మాట మిగిలియుండగా గంట మ్రోగినందున ఓడిపోయినవాడు మరొకడు. కొన్ని వారముల పిదప సైనిక శాఖనుండి రహస్యముగా పిలుపు వచ్చినవారిలో ఈ ఓడినవాడును ఉండెను. తుదకు ఆయన బ్లెచ్లీ పార్కులో కొలువు చేసెను.

బ్లెచ్లీ పార్కు బ్రిటనువారి గూఢలిపి భేదన కేంద్రము. అక్కడికి ఆటగాండ్రు అంతకుముందే చేరియుండిరి. 1938లో బ్రిటిషు చదరంగ విజేతయైన హ్యూ అలెగ్జాండరు, ఆయన మిత్రుడు మిల్నర్-బారీ 1940లోనే వచ్చిరి. 1941లో వచ్చిన జాక్ గుడ్ చదరంగములో దిట్ట, గణితములో మరింత దిట్ట. ఆయన అలన్ ట్యూరింగుకు సంఖ్యాశాస్త్ర సహాయకుడయ్యెను.

వారి ముందున్న పని ఆట కాదు. జర్మను జలాంతర్గాములకు రేడియో తరంగములమీద పోవు ఎనిగ్మా సందేశములను చదువలేకపోయినచో సరకు ఓడలు మునుగును. ట్యూరింగు పద్ధతిలో సందేశములను పొడవైన కాగితములమీద రంధ్రములుగా గుచ్చి, ఒకదానిపై నొకటి జరుపుచు, రంధ్రములు ఎన్నిచోట్ల కలియునో లెక్కించెడివారు. ఊరక కలిసిన అక్షరములు 26లో ఒకసారి సరిపడును. రెండు సందేశములు నిజముగా ఒకే అమరికలో నున్నచో 17లో ఒకసారి. ఈ స్వల్ప భేదమునే తూచి, సాక్ష్యపు బరువుకు 'డెసిబాన్' అను కొలత పెట్టిరి. ఒక్కొక్క సాక్ష్యము బరువును కూడుకొనుచు పోయి, చాలినంత కూడిన పిదపనే ఊహను నమ్మెడివారు.

ఇంతటి తూనికను తమ నియామకములకే వారు వర్తింపజేసియుందురా? మాకట్లు తోచదు. చదరంగమాడువారు తమకు తెలిసిన చదరంగపు మిత్రులనే పిలిచిరి. 2011లో ఆ దేశపు గూఢచారి శాఖ జీసీహెచ్‌క్యూ సైతము ఇంటర్నెట్టులో ఒక చిక్కుముడి పెట్టి, విప్పినవారిని దరఖాస్తు చేయుమన్నది. నేడు పెక్కు సంస్థలు ఆటల మార్కులను, తరువాతి పనితనమును పోల్చి గణాంక నమూనాలు కట్టుచున్నవి. అయితే ఎంపికైనవారి పనియే కంటికి కనబడును. కాదన్నవారు ఏమి చేసియుండెడివారో లెక్కలోనికి రాదు. ఆటలో ఓడినవాని నొకనిని కొలువులోనికి తీసికొన్న ఆ 1942 నాటి పిలుపే, తెలిసియో తెలియకయో, ఈ లోపమును కొంత పూరించినది.

యుద్ధాంతమునకు బ్లెచ్లీలో పనిచేయువారిలో నాలుగింట మూడువంతులు స్త్రీలు. వారిలో పందెమాడి వచ్చినవారు అరుదు. రంధ్రముల కాగితములపై అందెవేసిన చేయి అనిపించుకొని, 1944లో తన విభాగమునకు ఉపాధ్యక్షురాలైన జోన్ క్లార్క్ కేంబ్రిడ్జి గణిత పట్టభద్రురాలు. స్త్రీలకు తగిన హోదా లేనందున, జీతము పెంచుటకై ఆమెను కాగితములమీద భాషావేత్తగా చూపిరి. ఆమె దరఖాస్తు పత్రములో హోదా భాషావేత్త యనియు, వచ్చిన భాషలు ఏవియు లేవనియు సంతోషముగా నింపెనట.