మెడ రక్తనాళాల పరీక్ష: డాప్లర్ చాలా, ఎంఆర్ఐ కావాలా?

మన ఇళ్లలో ఫాలిజ్ అని పిలుచుకునే పక్షవాతానికి ఒక ముఖ్య కారణం మెడలోనే ఉంటుంది. మెడకు రెండు వైపులా పైకి వెళ్లే కెరోటిడ్ ధమనుల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. అక్కడి నుంచి చిన్న ముక్క ఊడి మెదడుకు చేరితే కాలు, చెయ్యి పడిపోతాయి. బీపీ, షుగర్, బీడీ, సిగరెట్ ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ.

ఈ ఇరుకును చూడడానికి డాక్టర్లు ఎక్కువగా రాసేవి డాప్లర్ అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ. భద్రాచలం అవతల చర్ల, దుమ్ముగూడెం మండలాల అడవి పల్లెల నుంచి వచ్చే కుటుంబానికి ఇది ఖర్చుతో, ప్రయాణంతో ముడిపడిన విషయం. భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు, ఖమ్మం నుంచి హైదరాబాద్ మరో 200 కిలోమీటర్లు. అందుకే ఏ పరీక్ష ఏం చెబుతుందో తెలిసి ఉండడం మంచిది.

డాప్లర్ ఏం కొలుస్తుంది?

మెడపై జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. శబ్ద తరంగాలు కదిలే రక్తకణాలకు తగిలి తిరిగొస్తాయి. ఆ తేడాను బట్టి యంత్రం రక్తం వేగాన్ని లెక్కిస్తుంది. పైపు నోరు నొక్కితే నీళ్లు జోరుగా చిమ్మినట్టు, నాళం ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది. 2003లో అమెరికా రేడియాలజిస్టులు ప్రచురించిన కొలతల ప్రకారం లోపలి కెరోటిడ్‌లో వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే ఇరుకు 50 శాతం పైన, 230 దాటితే 70 శాతం పైన ఉన్నట్టు అంచనా వేస్తారు.

పావుగంట నుంచి అరగంటలో అయిపోతుంది. సూది లేదు, రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. ఖాళీ కడుపుతో రావాల్సిన పని కూడా లేదు.

లోపాలూ ఉన్నాయి. ప్రోబ్ కోణం సరిగా పట్టకపోతే వేగం తప్పుగా వస్తుంది, అంటే చేసేవారి చేతివాటం ముఖ్యం. నాళంలో సున్నం గట్టిపడితే వెనుక భాగం నీడలా కనిపిస్తుంది. నాళం దాదాపు మూసుకుపోయినప్పుడు వేగం పెరగకుండా తగ్గిపోవచ్చు. పుర్రె లోపలి భాగం ఈ పరీక్షకు సరిగా అందదు.

ఎంఆర్ఐ ఎక్కడ పనికొస్తుంది?

ఎంఆర్ యాంజియో గుండె దగ్గర నుంచి మెదడు వరకు నాళాల దారినంతా బొమ్మలా చూపిస్తుంది. అయితే మామూలు ఎంఆర్ యాంజియోలో ఆకారమే కనిపిస్తుంది. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోతోందో కొలవడానికి ఫేజ్ కాంట్రాస్ట్ అనే వేరే పద్ధతి కావాలి. రెండు కెరోటిడ్‌లు, వెనుకనున్న రెండు వెర్టిబ్రల్ నాళాలు కలిపి మెదడుకు నిమిషానికి సుమారు 700 మిల్లీలీటర్లు చేరవేస్తాయి. ఆ మొత్తాన్ని నాళాల వారీగా చెప్పడంలో ఎంఆర్ఐ మెరుగు. కానీ ఈ పద్ధతిని అన్ని చోట్లా రోజూ చేయరు.

ఇరుకు చోట రక్తం సుడులు తిరిగితే ఎంఆర్ఐ ఇరుకును ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవారికి గాడోలినియం ఇంజెక్షన్ విషయంలో జాగ్రత్త అవసరం. లోపలికి వెళ్లేముందు హిజాబ్ పిన్నులు, నగలు, లోహపు తావీజు తీసేయాలి.

రెండు అంకెలు ఒకటి కావు

డాప్లర్ ఇరుకు చోట అత్యధిక వేగాన్ని పట్టుకుంటుంది. ఎంఆర్ఐ చాలా గుండె చప్పుళ్ల సగటు తీస్తుంది కాబట్టి దానిలో వేగం తక్కువగా రావచ్చు. ఒక రిపోర్ట్‌లో అంకె తగ్గిందని జబ్బు తగ్గిందనుకోకూడదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూపించుకునేటప్పుడు అదే పద్ధతిలో, వీలైతే అదే సెంటర్‌లో చేయించి, పాత రిపోర్ట్ వెంట తీసుకెళ్లాలి.

ముందు ఏది?

సాధారణంగా మొదట డాప్లరే. అందులో స్పష్టత రాకపోయినా, ఇరుకు ఎక్కువని తేలి ఆపరేషన్ ఆలోచన వచ్చినా ఎంఆర్ యాంజియో లేదా సీటీ యాంజియో రాస్తారు. లక్షణాలు వచ్చినవారిలో ఇరుకు 70 శాతం దాటితే ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లో ఉత్తర అమెరికా అధ్యయనం తేల్చింది. ఏ లక్షణమూ లేనివారందరికీ ఈ స్కాన్ అక్కర్లేదు.

బయలుదేరే ముందు సెంటర్‌కు ఫోన్ చేసి "మెడ డాప్లర్ చేస్తారా?" అని అడగాలి. గర్భిణులకు స్కాన్ చేసే ప్రతిచోటా మెడకు వాడే ప్రోబ్ ఉండకపోవచ్చు. మహిళలు లేడీ డాక్టర్ కావాలనుకుంటే అదీ అప్పుడే అడగవచ్చు.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి బలహీనపడడం, మాట తడబడడం, ఒక కన్ను మసకబారడం హఠాత్తుగా వస్తే లక్వా అని ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, అది హెచ్చరికే. ఏ స్కాన్ అని ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే పనిచేస్తుంది. అడవి దారిలో ఆ సమయం తొందరగా కరిగిపోతుంది.