సర్హద్ దాటిన బస్సు, దాటని కాగజ్



మొన్న జుమా తర్వాత మా అల్మాస్‌గూడ నుంచి ఎల్బీనగర్ వెళ్లి విజయవాడ బస్సు కోసం నిలబడ్డాం. మా చిన్నమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: "అబ్బా, కరాచీ ఫుప్పు మన దాదీమాను చూడటానికి వచ్చినప్పుడు ఇలాగే బస్సెక్కి వచ్చిందా?"

"అవును బేటా, బస్సులోనే సర్హద్ దాటింది."

"మరి ఇక్కడే ఉండిపోవచ్చు కదా? ఇది తన ఇల్లే కదా?"

మొదటి సవాల్‌కు జవాబు ఒక్క మాట. రెండోదానికి డెబ్భై ఏళ్ల తారీఖ్ చెప్పాలి. అంతలో బస్సు వచ్చేసింది. ఆ చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. కరాచీలోనో, లాహోర్‌లోనో ఒక రిష్తా ఉన్న ఖాందాన్లు మన తెలుగు ముసల్మానుల్లో చాలా ఉన్నాయి కాబట్టి ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు.

మొదట ఒక విషయం. 1947 ఆగస్టులో దేశం రెండు ముక్కలైనప్పుడు హైదరాబాద్ ఇటూ లేదు, అటూ లేదు. నిజాం రియాసత్ ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబరులో, 13 నుంచి 17 దాకా జరిగిన పోలీస్ యాక్షన్ తర్వాత. కానీ పశ్చిమ పాకిస్తాన్ సర్హద్‌కు అంతకు రెండు నెలల ముందే కాగితం తాళం పడింది. 1948 జులైలో ఇండియా హుకూమత్ ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. పశ్చిమ పాకిస్తాన్ నుంచి ఎవరు రావాలన్నా పర్మిట్ ఉండాలంది. కొద్ది నెలలకే పాకిస్తాన్ కూడా తన పర్మిట్ పద్ధతి పెట్టింది.

అంటే పోలీస్ యాక్షన్ తర్వాత భయంతోనో, నౌకరీ పోయిన మజ్బూరీతోనో, అప్పటికే అక్కడున్న అన్నదమ్ముల పిలుపుతోనో హిజ్రత్ చేసిన హైదరాబాదీలకు ఇక్కడినుంచి వెళ్లడం కన్నా తిరిగి రావడమే కష్టమైంది. "పరిస్థితి చూసి వస్తాం" అని ఇంటికి తాళం వేసి పోయినవాళ్లున్నారు. పర్మిట్ లేకుండా ఆ తాళం మళ్లీ తీయలేరని వాళ్లలో ఎందరికి తెలుసు?

ఆ పర్మిట్లలో రకాలుండేవి. చూసి వెళ్లిపోవడానికి ఒకటి, వచ్చి స్థిరపడిపోవడానికి ఇంకొకటి. ఈ రెండో రకం మన రాజ్యాంగంలోకే ఎక్కింది. ఆర్టికల్ 7 చదవండి. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలస వెళ్లినవాళ్లు ఇండియా పౌరులు కారని చెబుతూనే, పునరావాసం కోసం లేదా శాశ్వతంగా తిరిగి రావడం కోసం ఇచ్చిన పర్మిట్ మీద వచ్చినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో దీని మీద గట్టి బహస్ జరిగింది. వెళ్లినవాళ్లను మళ్లీ ఎందుకు రానివ్వాలని కొందరు సభ్యులు ఎదిరించారు. నెహ్రూ లేచి ఆ మినహాయింపును సమర్థించారు. ఈ రోజుల్లో అమెరికాకో, కెనడాకో వెళ్లేవాళ్లు "ఇమిగ్రెంట్ వీసా" అంటారే, మన సర్హద్ మీద దానికి దగ్గరగా వచ్చిన కాగజ్ అదొక్కటే.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1952 అక్టోబరులో పర్మిట్లు పోయి పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. రాజస్థాన్ ఎడారిలో మునాబావ్ నుంచి సింధ్‌లోని ఖోఖ్రాపార్‌కు రైలు దారి 1965 జంగ్ దాకా ఉండేది. ఎన్నో ముహాజిర్ ఖాందాన్లు ఆ దారినే వెళ్లాయి. కరాచీలో హైదరాబాద్ కాలనీ వెలిసింది. అక్కడి అచార్లకు ఆ షహర్‌లో ఇప్పటికీ పేరుంది. బహదూర్ యార్ జంగ్ పేరు మీద బహదురాబాద్ అనే మొహల్లా కూడా వచ్చింది. వతన్ వదిలినవాళ్లు వతన్ పేర్లను మాత్రం వెంట తీసుకుపోయారు.

ఆ రోజుల్లో కాగజ్ మనిషిని ఎంత తిప్పలు పెట్టిందో మన రాష్ట్రం కేసే ఒకటి చెబుతుంది. అబ్దుల్ ఖాదర్ అనే ఆయన పాకిస్తాన్ వెళ్లి, అక్కడి పాస్‌పోర్టు మీద, ఇండియా వీసాతో తిరిగి వచ్చాడు. గడువు అయిపోయినా వెళ్లలేదు. విదేశీయుడివంటూ ఆయన మీద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1961లో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసింది. ఇండియా పౌరుడైన మనిషి వేరే దేశ పౌరుడిగా మారాడా లేదా అన్నది తేల్చాల్సింది కేంద్ర ప్రభుత్వం. అది తేలకముందే ఆయన్ని విదేశీయుడిగా చూడటానికి లేదంది. సొంత గడ్డ మీద ఉండటానికి ఒక మనిషి ఢిల్లీ దాకా కొట్లాడాల్సి వచ్చింది.

1965 జంగ్, ఆ తర్వాత 1971 జంగ్ రాకపోకలను తెంచేశాయి. 1974లో వీసా ఒప్పందం కుదిరింది. 1976 జులైలో అమృత్‌సర్, లాహోర్ మధ్య సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. మా ఫుప్పు దుల్హన్‌గా వెళ్లింది ఆ రైల్లోనే. ససురాల్ కరాచీలో. అక్కడి పౌరసత్వం తీసుకుంది, పచ్చ పాస్‌పోర్టు వచ్చింది. మైకాకు రావాలంటే అప్పటినుంచి వీసా కావాలి. 1994లో కరాచీలోని ఇండియా కాన్సులేట్ మూతపడింది. హైదరాబాదీలు ఎక్కువగా ఉన్న షహర్‌లో వీసా ఆఫీసు లేదు. దరఖాస్తు ఇస్లామాబాద్ వెళ్లాల్సి వచ్చేది.

ఇక బస్సు సంగతి. 1999 ఫిబ్రవరి 20న వాజ్‌పేయి బస్సులో వాఘా దాటారు. అటువైపు నవాజ్ షరీఫ్ ఎదురొచ్చి స్వాగతం చెప్పారు. ఢిల్లీ, లాహోర్ మధ్య నడిచిన ఆ బస్సు పేరు సదా-ఎ-సర్హద్, అంటే సరిహద్దు పిలుపు. కొద్ది నెలలకే కార్గిల్ జంగ్ వచ్చినా బస్సు ఆగలేదు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆగింది. మళ్లీ 2003 జులైలో మొదలైంది.

ఫుప్పు ఆ తర్వాతి ఏడాది వచ్చింది. కరాచీ నుంచి లాహోర్‌కు రైలు, లాహోర్ నుంచి ఢిల్లీకి బస్సు, ఢిల్లీ నుంచి మళ్లీ రైలు. వాఘాలో దిగి సామాను తనిఖీ, అటారీలో దిగి ఇంకోసారి తనిఖీ. ఆమె తెచ్చిన అచార్ సీసాను కూడా తెరిచి చూశారట.

వీసా ఊరి పేరు రాసి ఇచ్చేవారు. రాసిన ఊళ్లో పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి ఉండేది. ఫుప్పు వీసా మీద "హైదరాబాద్" అని ఉంది. మా అల్మాస్‌గూడ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఒక పంచాయతీ. అది హైదరాబాద్ కిందికి వస్తుందా రాదా అని ఇంట్లో రెండు రోజులు బహస్ అయింది. ముసీబత్ ఎందుకని మలక్‌పేటలోని ఖాలా ఇంటి అడ్రస్ ఇచ్చారు. అల్మాస్ అంటే వజ్రం. ఆ వజ్రంలాంటి ఇంటికి కూతురు రాలేదు, తల్లే మూటాముల్లె సర్దుకుని మలక్‌పేట వెళ్లి నెల రోజులు ఉంది.

మరి ఉండిపోవచ్చు కదా అంటే, మన దేశంలో పాకిస్తానీలకు "ఇమిగ్రెంట్ వీసా" అనే పేరుతో ఏదీ లేదు. ఉన్నది లాంగ్ టర్మ్ వీసా. అది అందరికీ ఇవ్వరు. ఇక్కడి అబ్బాయిని నిఖా చేసుకుని ఇక్కడే ఉండే పాకిస్తానీ దుల్హన్‌కు ఇస్తారు. ఏడేళ్లు ఇక్కడే నివసించాక ఆమె పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. అటువైపు పెళ్లి చేసుకుని వెళ్లిన మన ఆడబిడ్డకైతే, భర్త పోయో, తలాక్ అయ్యో, అక్కడ చూసుకునే మగదిక్కు లేనప్పుడు ఇస్తారు. మా ఫుప్పుకు అల్లాహ్ దయవల్ల భర్త ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు. ఆ నేమత్ ఉన్నందుకే ఆమె తల్లి దగ్గర ఉండిపోలేదు. బస్సు ఆమెను తెచ్చింది, కానీ చేతిలో ఉన్నది మాత్రం మెహమాన్ కాగజ్.

2012లో రెండు దేశాలూ వీసా నియమాలను కొంత సడలించాయి. మూడు ఊళ్ల చోట ఐదు ఊళ్లకు ఇజాజత్, పెద్దవాళ్లకు రెండేళ్ల వీసా లాంటివి అందులో ఉన్నాయి. అవి పూర్తిగా అమలు కాకముందే సంబంధాలు మళ్లీ చెడ్డాయి. 2019 ఆగస్టులో సంఝౌతా రైలు, ఎడారి దారిన నడిచే థార్ ఎక్స్‌ప్రెస్, ఈ బస్సు మూడూ ఆగిపోయాయి. ఆ తర్వాతి ఏడాది దాదీమా కన్నుమూసింది. ఫుప్పు జనాజాను ఫోన్‌లో చూసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అటారీ గేటు కూడా మూసేశారు.

ఎవరి తప్పు ఎంత అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పెద్దలను వేరు చేసింది దూరం కాదు, వాళ్ల చేతిలో ఉన్న కాగజ్ ఏ రకం అన్నది. వెళ్లేటప్పుడు అది వాళ్లకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఇవాళ మన పిల్లలు గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్తున్నారు. అది మెహమాన్ కాగజ్‌నా, ఉండిపోయే కాగజ్‌నా, తిరిగి వచ్చే హక్ దాంట్లో ఉందా అని వెళ్లకముందే అడిగి తెలుసుకోండి. ఇంట్లో పాత పర్మిట్, పాస్‌పోర్టు, నిఖానామా ఏదున్నా పారేయకండి. ఎవరు ఏ సంవత్సరం, ఏ దారిన వెళ్లారో బతికున్న పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.

మా అమ్మాయికి ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, "ఫుప్పుకు వీడియో కాల్ చెయ్యి అబ్బా, బస్సులో ఏ సీటులో కూర్చుందో అడుగుతా" అంది. చేశాం. కిటికీ పక్కనేనట.

అల్లాహ్ హాఫిజ్.